పాత పటాన్ని చదవడం ఎలా: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారికి ఒక మార్గదర్శిని

పాత పటం చేతికి రాగానే చాలామంది ముందుగా తమ ఊరి పేరు వెతుకుతారు. పేరు కనిపిస్తే సంతోషిస్తారు, కనిపించకపోతే పటమే తప్పని తేల్చి మడిచి పెట్టేస్తారు. ఒక్క పటం నుంచి తెలిసేది తక్కువ. ఒకే చోటికి సంబంధించిన రెండు కాలాల పటాలను పక్కపక్కన పరచి, వాటి మధ్య కనిపించే ప్రతి తేడా దగ్గరా ఒకే ప్రశ్న వేసుకున్నప్పుడే పాత పటం ఉపయోగపడుతుంది: మారింది నేలా, లేక ఆ పటాన్ని గీయించినవారి అవసరమా? ఈ ప్రశ్నకు జవాబు ఎలా రాబట్టాలో నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఉదాహరణలతో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం. జిల్లా పేర్లను ఇక్కడ 2022 పునర్విభజనకు ముందున్న విస్తృతార్థంలోనే వాడుతున్నాను.

ఏ పటం, ఎక్కడ

మనకు పనికివచ్చే పటాలు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది సర్వే ఆఫ్ ఇండియా తయారుచేసిన స్థలాకృతి పటం, అంటే వాడుకలో టోపోషీటు. రెండవది రెవెన్యూ శాఖ గ్రామ పటం, దానికి అనుబంధంగా ఉండే, ఒక్కో పొలం కొలతలు చూపే పుస్తకమైన ఎఫ్‌ఎంబీ. నౌకాయాన పటాలు, జిల్లా మాన్యువళ్ల (జిల్లా వివరాలు చెప్పే ప్రభుత్వ గ్రంథాల)లోని పటాలు, అట్లాసులు వీటికి తోడుగా మాత్రమే పనికివస్తాయి.

సర్వే ఆఫ్ ఇండియా చరిత్ర 1767లో బెంగాలులో మొదలైంది. మన వైపు శాస్త్రీయమైన కొలత ఊపందుకున్నది 1802 ఏప్రిల్ 10న విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర ఆధారరేఖ కొలవడం ప్రారంభించాక. అంతకు ముందు ఏడాదే, 1801లో, ఆర్కాటు నవాబు ఏలుబడి నుంచి నెల్లూరు సీమ కంపెనీ చేతికి వచ్చింది. ఈ రెండు తేదీల సామీప్యం యాదృచ్ఛికమే కావచ్చు గానీ, కొత్తగా చేతికొచ్చిన నేల మీద శిస్తు వేయాలన్నా, సైన్యాన్ని నడిపించాలన్నా పటం కావలసి ఉండేదన్న సంగతిని మరువకూడదు. 1815లో మొత్తం భారతదేశానికి తొలి సర్వేయర్ జనరల్‌గా నియమితుడైన కాలిన్ మెకంజీ వద్ద కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు పనిచేశారు. ఇంటిపేరు కావలి అయినా వారిది ఏలూరు. స్థానిక సమాచారాన్ని సేకరించి దొరల కాగితాల్లోకి ఎక్కించింది ఇటువంటి తెలుగువారేనన్నది పాత పటం ముందు కూర్చున్నప్పుడల్లా గుర్తుంచుకోవలసిన విషయం.

మీ ఊరు ఏ టోపోషీటులో ఉందో తెలుసుకోవడానికి అక్షాంశ రేఖాంశాలు చాలు. పాత వరుసలో 4 డిగ్రీల పొడవు, 4 డిగ్రీల వెడల్పు ఉన్న ఒక్కో చతురస్రానికి ఒక్కో అంకె ఉంటుంది. 12 నుంచి 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 76 నుంచి 80 డిగ్రీల తూర్పు రేఖాంశం మధ్య ఉన్నది 57వ షీటు. అదే అక్షాంశాల్లో 80 నుంచి 84 వరకు ఉన్నది 66వ షీటు. ప్రతి చతురస్రాన్నీ ఎ నుంచి పి వరకు 16 అక్షరాలుగా, ఒక్కో అక్షరాన్నీ మళ్లీ 1 నుంచి 16 వరకు విభజిస్తారు. లెక్క పై నుంచి కిందికి, ఎడమ నిలువు వరుస నుంచి కుడివైపుకు సాగుతుంది. ఆ లెక్కన నెల్లూరు పట్టణం 57 ఎన్/15లో పడుతుంది. 80 డిగ్రీల రేఖ సరిగ్గా నెల్లూరుకు తూర్పు అంచున పోతుంది కాబట్టి పట్టణం ఒక షీటులో, దాని సముద్రతీరం మరొక అంకె గల షీటులో ఉంటాయి. కందుకూరు 57 ఎం అయితే ఒంగోలు 66 ఎ. పక్క ఊరి పటం కోసం వేరే అంకె వెతకాల్సి రావడం మన జిల్లాల వారికి తప్పని చిన్న తలనొప్పి. ఇప్పటి ఓపెన్ సిరీస్ పటాలకు అంకెల పద్ధతి వేరు కనుక రెండింటినీ కలిపి తికమక పడకూడదు.

కొత్త ఓపెన్ సిరీస్ పటాలను సర్వే ఆఫ్ ఇండియా తన వెబ్‌సైటులో ఉచితంగానే ఇస్తున్నది. 1950ల నాటి అమెరికా సైన్యపు 1:2,50,000 పటాలు టెక్సాస్ విశ్వవిద్యాలయం గ్రంథాలయం వెబ్‌సైటులో దొరుకుతాయి. ఒక ప్రాంతపు స్వరూపాన్ని ఒక్క చూపులో పట్టుకోవడానికి ఇవి మేలైనవి గానీ పల్లెల స్థాయికి చాలవు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు కాగితాల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. ఇప్పటి గ్రామ పటాలూ ఎఫ్‌ఎంబీలూ మీభూమి పోర్టల్‌లో చూడవచ్చు. మొదటిసారి ఈ పనికి పూనుకునేవారికి నా సలహా ఒక అంగుళానికి ఒక మైలు కొలత ఉన్న పాత టోపోషీటు, అంటే 1:63,360 పటం. చెరువు కట్టలు, బావులు, డొంకలు, గుడులు కనిపించేంత వివరం అందులో ఉంటుంది. దానికి వారసుడైన 1:50,000 పటంతో సులభంగా పోల్చవచ్చు కూడా.

అంచులు ముందు చదవండి

పటం మధ్యలోకి చూడకముందే దాని అంచుల్లో ఉన్న ప్రతి అక్షరాన్నీ చదవాలి. సర్వే చేసిన సంవత్సరం, ముద్రించిన సంవత్సరం వేర్వేరుగా ఉంటాయి; వాటి మధ్య కొన్నిసార్లు దశాబ్దాల ఎడం ఉంటుంది. 1940లలో అచ్చయిన పటం మీద 1910ల సర్వే ఉండవచ్చు. అంతలో రైలు మార్గాన్ని మాత్రం సరిదిద్ది, చెరువులను సరిదిద్దకుండా వదిలి ఉండవచ్చు. కాబట్టి తేడాలకు తేదీ వేసేటప్పుడు సర్వే సంవత్సరాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

రేఖాంశం విషయంలో మరొక చిక్కు ఉంది. 1905కు ముందరి పటాలు మద్రాసు ఖగోళ వేధశాల రేఖాంశానికి పాత విలువను ఆధారం చేసుకున్నాయి. ఆ విలువ అసలు కంటే సుమారు రెండున్నర నిమిషాలు తూర్పుకు జరిగి ఉంది. వినడానికి చిన్న తేడా, కానీ మన అక్షాంశం దగ్గర అది దాదాపు నాలుగున్నర కిలోమీటర్లు. మైపాడుకు అటువంటి పటంలో ఉన్న రేఖాంశాన్ని నేరుగా ఫోనులో కొడితే గుర్తు బంగాళాఖాతంలో పడుతుంది. అది చూసి సముద్రం ఊరిని మింగిందనుకుంటే పొరపాటే. అంచులో ఈ సవరణ గురించి సాధారణంగా ఒక వాక్యం ఉంటుంది. దాన్ని పాటించాక కూడా, పాత ఎవరెస్టు గోళాభం (అప్పట్లో లెక్కకు తీసుకున్న భూమి ఆకారపు నమూనా) మీద వేసిన పటానికీ ఇప్పటి జీపీఎస్‌కూ మధ్య వంద మీటర్లకు పైగా తేడా మిగులుతుంది. క్యూజీఐఎస్ వంటి సాఫ్ట్‌వేరులో పటాన్ని కూర్చోబెట్టేటప్పుడు రైలు వంతెన, కొండ శిఖరం, పాత గుడి వంటి కదలని చోట్లను కనీసం ఆరేడింటిని ఎంచుకుని బిగించాలి. నది మలుపునూ తీరరేఖనూ ఆధారంగా పెట్టకూడదు. కదిలాయా లేదా అని మనం తేల్చుకోవలసినవి అవే.

పేర్ల వర్ణక్రమాన్ని నమ్మవద్దు. పాత పటాల్లో పేర్లు విన్నవారి చెవిని బట్టి ఉన్నాయి: పెన్నా పెన్నార్ అయింది, కంభం కంబమ్ అయింది, ఊకారం ఉన్నచోటల్లా రెండు ‘ఓ’లు పడ్డాయి. పేరుతో కాక, కొండ నుంచి, వాగు నుంచి ఉన్న దూరంతో ఊరిని వెతకాలి. ఒకే పేరు రెండు చోట్ల ఉండటం కూడా మామూలే. కనిగిరి అనగానే ప్రకాశం జిల్లా పట్టణం గుర్తొస్తుంది గానీ, పాత నీటిపారుదల పటాల్లో కనిగిరి రిజర్వాయరు ఉన్నది నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెం వైపు.

జిల్లా పేరును బట్టి వెతికితే మరీ మోసపోతాం. 1873లో అచ్చయిన నెల్లూరు జిల్లా మాన్యువల్‌లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉంటుంది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడ్డాక గుంటూరు పటాల్లోకి వెళుతుంది. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడి, 1972లో దానికి ప్రకాశం పేరు వచ్చింది. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు నుంచి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి ఆ జిల్లాలో కలిశాయి. కాబట్టి ఇప్పటి ప్రకాశం జిల్లా వారు తమ ఊరి పాత కాగితాల కోసం మూడు జిల్లాల కట్టలు తిరగేయవలసి రావచ్చు.

నీటి జాడలు

మన జిల్లాల పాత పటాల్లో చదవడానికి అన్నిటికంటే ఎక్కువ ఉన్నది నీరే. ముందుగా పెన్నాను తీసుకోండి. నెల్లూరు ఆనకట్ట 1855 నాటిది, సంగం ఆనకట్ట 1886 నాటిది. వీటికి ముందు సర్వే చేసిన పటానికీ తరువాతి పటానికీ మధ్య నది ఇరువైపులా కాలువల వల పరుచుకోవడం కనిపిస్తుంది. ఇది నిజంగా నేల మారిన తేడా: మెట్ట మాగాణి అయింది, మాగాణితో పాటు ఊళ్లూ పెరిగాయి. 2022లో రెండు చోట్లా కొత్త బ్యారేజీలు వచ్చాయి కనుక ఇప్పటి ఉపగ్రహ చిత్రంలో కనిపించే కట్టడాలను పాత ఆనకట్టలుగా పొరబడకూడదు. అదే విధంగా రాపూరు వైపు కండలేరు జలాశయం ఇప్పుడు నిండుగా కనిపించే చోట పాత షీటులో వాగులు, కాలిబాటలు ఉంటాయి. ముంపుకు ముందు ఆ నేల ఎలా ఉండేదో చూడాలంటే ఆ షీటే ఆధారం.

ఇక చెరువుల దగ్గరికి వద్దాం. పాత టోపోషీటు మీద ఒక చెరువును ఎంచుకుని వేలు పెట్టి నెమ్మదిగా చదవండి. మందమైన గీత కట్ట. దాని పక్కన ‘ఆర్’ అక్షరంతో ఉన్న అంకె సముద్రమట్టం నుంచి కొలిచినది కాదు. చుట్టుపక్కల నేల మీద కట్ట ఎంత ఎత్తు లేచిందో చెప్పే సాపేక్ష ఎత్తు. కట్ట ఒక కొన నుంచి బయలుదేరే సన్నని నీలి గీత కలుజు నుంచి పోయే మిగులు నీటి దారి. ఆ గీతను వదలకుండా కిందికి పోతే అది మరో చెరువులో చేరుతుంది, అక్కడి నుంచి ఇంకొకదానిలోకి, చివరికి వాగులోకో ఏటిలోకో. ఈ గొలుసును ఒక పలుచని కాగితం మీద గీసుకుని, అదే కొలతకు తెచ్చిన ఇప్పటి ఉపగ్రహ చిత్రం మీద పెట్టి చూడండి. గొలుసు ఎక్కడ తెగిందో అక్కడ కాలనీయో, రోడ్డు కట్టో, లేఅవుటో కనిపిస్తుంది. వానాకాలంలో ఆ కాలనీల్లో నీళ్లు నిలుస్తున్నాయంటే కారణం కోసం మరీ దూరం వెళ్లనక్కరలేదు.

అయితే ఇక్కడే మొదటి ప్రశ్నను మళ్లీ వేసుకోవాలి. పటంలో చెరువు చిన్నదిగా ఉన్నంత మాత్రాన అది పూడిపోయిందని చెప్పలేం. మన వైపు ప్రధాన వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడతాయి. సర్వే బృందం జనవరిలో వచ్చిందా, ఏప్రిల్‌లో వచ్చిందా అన్నదాన్ని బట్టి నీలిరంగు విస్తీర్ణం మారుతుంది. కట్ట పొడవును, పూర్తి నీటిమట్టపు గీతను పోల్చాలి గానీ నీలిరంగును కాదు. పూడిక సంగతి గ్రామ పటంలో చెరువు పోరంబోకు (చెరువుకు విడిచిన ప్రభుత్వ భూమి) విస్తీర్ణంతో సరిచూసుకున్నాకే మాట్లాడాలి.

పెద్ద చెరువుల్లో కంభం చెరువు ప్రత్యేకం. గుండ్లకమ్మ మీద విజయనగర కాలంలో కట్టిన ఈ చెరువు, రెండు కొండల మధ్య ఇరుకును చిన్న కట్టతో మూసి ఎంత నీటిని నిలపవచ్చో సమోన్నత రేఖల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల) మీదనే చూపిస్తుంది. రేఖలు దగ్గరగా నొక్కుకుపోయిన చోట కట్ట, వెనుక విచ్చుకున్న చోట నీరు. ఏ పటం మీదనైనా పాత చెరువును కనిపెట్టడానికి ఇదే గుర్తు. కట్ట తెగి, పేరు కూడా మాసిపోయిన చెరువులను ఈ ఆకారాన్ని పట్టుకునే గుర్తించవచ్చు.

వరద గురించి ఒక్క మాట. 2021 నవంబరులో పెన్నా వరద పడుగుపాడు దగ్గర రైలు మార్గాన్ని దెబ్బతీసింది, కోవూరు దగ్గర జాతీయ రహదారిని తెంచింది. పాత షీటులో నది పక్కన చుక్కలతో గీసిన ఇసుక మేటలనూ, వదిలేసిన పాయల వంపులనూ గుర్తించి ఉంచుకుంటే, నీరు మళ్లీ ఏ దారి వెతుక్కుంటుందో ముందే ఊహకు అందుతుంది.

తీరం వెంబడి

తీరం పటాల మీద మొదట కంటబడేది బకింగ్‌హామ్ కాలువ. 1806లో మద్రాసు ఉత్తరాన చిన్న కాలువగా మొదలై, అంచెలంచెలుగా ఉత్తరానికి పెరిగి, పెదగంజాం దగ్గర కృష్ణా డెల్టా కాలువలతో కలిసింది. 1876–78 నాటి ధాత కరవు కాలంలో దీనిలో కొంత భాగం కరవు పనిగా తవ్వించారు. బకింగ్‌హామ్ పేరు అప్పటి మద్రాసు గవర్నరుది. ఒక షీటులో కాలువ ఎక్కడి వరకు ఉందో చూస్తే ఆ సర్వే ఏ కాలానిదో ఉజ్జాయింపుగా తేల్చవచ్చు. దాని పక్కనే 1899లో బెజవాడ, మద్రాసులను కలిపిన రైలు మార్గం కనిపిస్తే మరింత దగ్గరి తేదీ దొరుకుతుంది. రైలు వచ్చాక సరకు నెమ్మదిగా పడవల నుంచి తరలింది. ఆ తరువాతి పటాల్లో కాలువ లాకుల కంటే రైల్వే స్టేషన్ల చుట్టూ ఊళ్లు చిక్కబడతాయి.

కనుపర్తి, చినగంజాం, ఇసకపల్లి వైపు పాత షీటుల్లో గీతలు గీతలుగా కనిపించేవి ఉప్పు మడులు. ఉప్పు ప్రభుత్వ ఆదాయం కనుక వాటిని జాగ్రత్తగా గీశారు. పక్కనే ఉన్న బెస్తపాలేలను మాత్రం నాలుగు చుక్కలతో సరిపెట్టారు. 1990ల తరువాతి ఉపగ్రహ చిత్రాల్లో తీరం పొడవునా కనిపించే దీర్ఘ చతురస్రాలు రొయ్యల గుంటలు. పాత ఉప్పు మడినీ కొత్త రొయ్యల గుంటనూ ఆకారం మాత్రమే చూసి వేరు చేయడం కష్టం. మడులు చిన్నవి, వాటికి గుమాస్తా కొటార్లూ గోదాములూ దగ్గర ఉంటాయి. గుంటలు పెద్దవి, కయ్యల మధ్యకూ చొచ్చుకుపోయి ఉంటాయి. పాత గ్రామ పటంలో ఆ సర్వే నంబరు మాగాణి అని ఉంటే వరి పోయి రొయ్య వచ్చిందని అర్థం. ఉప్పు పోరంబోకు అని ఉంటే కథ వేరు.

శ్రీహరికోట పాత పటంలో పడమట పులికాటు సరస్సు, తూర్పున సముద్రం, మధ్యలో రిజర్వు అడవి, కొన్ని బాటలు, కొద్దిపాటి పల్లెలు కనిపిస్తాయి. ఆ అడవి కట్టెలు కాలువ మీద పడవల్లో మద్రాసు పొయ్యిలకు చేరేవి. అక్కడి యానాదుల ఉనికి మాన్యువళ్లలో వివరంగా ఉన్నా పటంలో దాదాపు ఉండదు: స్థిరమైన ఇల్లు, శిస్తు కట్టే పొలం లేనివారిని గీయడానికి గుర్తే లేదు. 1969లో రాకెట్ కేంద్రానికి ఈ దీవిని ఎంపిక చేసినప్పుడు ఖాళీ నేలగా కనిపించడంలో ఆ పటాల పాత్ర కూడా కొంత ఉండి ఉంటుందని నా అనుమానం.

పటంలో మనుషులు

సమాజాన్ని చదవాలంటే టోపోషీటును పక్కన పెట్టి రెవెన్యూ పటాన్ని తీసుకోవాలి. గ్రామ పటాల్లో చాలావరకు మైలుకు 16 అంగుళాల కొలతలో, అంటే అంగుళానికి 5 గొలుసుల లెక్కన ఉంటాయి. గొలుసు అంటే 66 అడుగులు. 10 చదరపు గొలుసులు ఒక ఎకరం. ఈ ఒక్క లెక్క వస్తే స్కేలు పట్టుకుని ఏ పొలం విస్తీర్ణమైనా సుమారుగా కట్టవచ్చు.

పటంలో ముందు గ్రామ కంఠాన్ని, అంటే ఊరి ఇళ్లున్న స్థలాన్ని, గుర్తించండి. దానికి విడిగా, డొంకకు లేదా వాగుకు అవతల ఉన్న చిన్న నివాస స్థలాన్ని చూడండి. చాలా ఊళ్లలో అది మాలపల్లో మాదిగపల్లో అయి ఉంటుంది. మంచినీటి బావి ఏ వైపు ఉంది, శ్మశానాలు ఎన్ని, చెరువు తూముకు దగ్గరి కయ్యలు ఏ నంబర్లవి, పల్లెకు ఎదురుగా ఉన్నవి మెట్టా మాగాణా అన్నవి ఒక్కొక్కటిగా రాసుకోండి. తరువాత గ్రామ భూముల రిజిస్టరులో ఆ నంబర్ల ఎదుట ఉన్న మాటలు చూడండి: జిరాయితీ (శిస్తు కట్టే రైతు భూమి), ఇనాం (సేవకో దానంగానో ఇచ్చిన భూమి), శ్రోత్రియం (వేదపండితులకు ఇచ్చిన భూమి), పోరంబోకు, బంజరు (సాగులో లేని భూమి). గుడి ఇనాం, కరణం ఇనాం, మంగలి, చాకలి, తలారి, వెట్టి ఇనాములు ఏ నాణ్యత నేలలో, నీటికి ఎంత దూరంలో ఉన్నాయో రంగు పెన్సిళ్లతో పటం మీద నింపితే, ఊరిలో ఎవరు ఎక్కడ నిలిచారన్నది ఉపన్యాసం అక్కరలేకుండా కనిపిస్తుంది. ఈ పనిని ప్రతి కళాశాల చరిత్ర విభాగమూ ఒక్క ఊరికైనా చేయించాలని నా అభిప్రాయం.

వెంకటగిరి జమీందారీ వంటి ఎస్టేటు గ్రామాలకు పాత ప్రభుత్వ పటం దొరకకపోవచ్చు. రైతు నుంచే నేరుగా శిస్తు తీసుకునే రైత్వారీ ఊళ్లలో ప్రతి పొలాన్నీ కొలిచిన సర్కారు, 1802 శాశ్వత శిస్తు నిర్ణయం కింద ఉన్న ఊళ్లలో జమీందారు కట్టే పేష్కషు ముట్టితే చాలుననుకుంది. చాలా చోట్ల పొలం పొలం కొలత 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరువాతే వచ్చింది. కాబట్టి పటం లేకపోవడమే అక్కడ ఎవరి ఏలుబడి ఉండేదో చెప్పే ఆధారం.

కావలి, కప్పరాళ్లతిప్ప వైపు 20వ శతాబ్ది తొలి దశకాల కాగితాల్లో ‘సెటిల్‌మెంటు’ అన్న మాట కనిపిస్తే దాన్ని భూముల సెటిల్‌మెంటుగా చదవకండి. 1911 నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల వంటివారిని కాపలాలో ఉంచిన స్థావరాలవి.

సరిచూసుకోవడం, వాడుకోవడం

పటం నుంచి తేల్చిన ప్రతి విషయాన్నీ పటం కాని మరొక ఆధారంతో కలపాలి. తీరంలో రేవులు ఎలా ఎత్తుకుని ఎలా కుంగాయో తెలుసుకోవాలంటే, మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు విదేశీ వర్తకులకు అభయమిస్తూ వేయించిన శాసనమూ, 1626లో దుగరాజపట్నంలో ఇంగ్లీషువారు పెట్టి కొద్దికాలానికే మద్రాసుకు మార్చుకున్న వర్తక స్థావరపు రికార్డులూ చదవాలి. పటం ఒక్కటే అయితే అక్కడ ఒక చిన్న పల్లెను మాత్రమే చూపిస్తుంది. ఊరి పెద్దలను అడిగేటప్పుడు పటాన్ని ముందే చూపించవద్దు. కలుజు ఎటు పోయేదో, పాత బండిబాట ఏదో ముందు వారి నోట చెప్పించుకుని, తరువాత పటం తీయండి. లేకపోతే పటంలో ఉన్నదే వారి జ్ఞాపకమై వస్తుంది. 1960ల నాటి స్థితి తేలకపోతే అమెరికా 1995లో బహిరంగపరచిన కరోనా గూఢచారి ఉపగ్రహ చిత్రాలు ఉన్నాయి; వాటిలో చెరువు కట్టలు స్పష్టంగా కనిపిస్తాయి.

చెరువు ఆక్రమణ, డొంక మూసివేత వంటి తగాదాల్లో పాత పటాన్ని వాడాలనుకునేవారు ఒక తేడాను గమనించాలి. ప్రభుత్వ అధికారంతో తయారైన పటం సరైనదేనని న్యాయస్థానం ముందుగా భావిస్తుంది. ఒక వ్యాజ్యం కోసమే ప్రత్యేకంగా గీయించిన పటాన్ని మాత్రం సాక్ష్యంతో రుజువు చేయాలి. 1872 సాక్ష్య చట్టంలోని 83వ సెక్షన్ చెప్పినది ఇదే. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త సాక్ష్య చట్టంలోనూ ఈ సూత్రం కొనసాగుతోంది. వెబ్‌సైటు నుంచి దించుకున్న బొమ్మ దీనికి చాలదు. సర్వే, భూ రికార్డుల కార్యాలయం నుంచి ధ్రువీకరించిన నకలు తీసుకోవాలి. దరఖాస్తులో ఊరి పేరుతో పాటు పాత తాలూకా పేరు, పాత సర్వే నంబరు రాయాలి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినా పాత పటాల కట్టలకు ఇప్పటికీ తాలూకా పేర్లే ఉంటాయి. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే జరిగిన గ్రామాల్లో భూములకు కొత్త నంబర్లు పడ్డాయి కాబట్టి, పాత, కొత్త నంబర్ల పొంతన పట్టికను కూడా అదే దరఖాస్తులో అడగడం మంచిది.